కౌన్సెలర్ల పరీక్షలో నా చింటు వేషం

ఉద్యోగంలో చివరి ఏళ్లు నేను ఏడో తరగతి పిల్లాడిగా గడిపాను. తల సగం నెరిసింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అయినా నెలకు రెండు మూడు సార్లు ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఒదిగి కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "నా పేరు చింటు, నాకు కడుపునొప్పి" అనేవాణ్ణి. ఎదురుగా ఉన్నవారు నా మనసు తెలుసుకోవాలి. పక్కన బల్ల వెనుక కూర్చున్న కమిటీ ఆ ఎదుటివారికి మార్కులు వేయాలి.

బడుల్లో కౌన్సెలర్లుగా పనిచేయాలనుకునేవారు పక్క రాష్ట్రాల్లో చదివి వస్తే, వారికి ఇక్కడ లైసెన్సు ఇచ్చే చిన్న విభాగం మాది. కాగితం మీద దాని పేరు గుర్తింపు పత్రం, అందరూ లైసెన్సు అనే అనేవారు. ఆఫీసు పేరు రాయను. పంజాగుట్టలో ఫ్లైఓవర్ మోత కిటికీలోంచి లోపలికి వచ్చే మూడో అంతస్తు అంటే చాలు. నేను అక్కడ సూపరింటెండెంటుని. ఇలాంటి ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను అనుభవాలు రాయమన్నారు. ప్రమోషన్లు, బదిలీలు రాయను. అవి ఎవరివైనా ఒకటే. ఈ పని లోపల ఏముంటుందో మాత్రం రాస్తాను. ఉత్సాహం కోసం చదివేవారు ఇక్కడే ఆగడం మంచిది.

చింటు ఎలా పుట్టాడు

మొదట్లో మేం సర్టిఫికెట్లు చూసి, ఒక వ్యాసం రాయించి, పంపేసేవాళ్లం. ఒకసారి మా చైర్మన్ గారు ఢిల్లీలో ఏదో శిక్షణకు వెళ్లొచ్చి, కౌన్సెలర్ అంటే పని చేసి చూపించాలన్నారు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ హెడ్మాస్టరు. మనిషి మంచివాడు. ఎవరి దగ్గరా ఒక్క టీ తాగింది లేదు. అయితే ఆయన దృష్టిలో పిల్లలంటే చెబితే వినవలసినవాళ్లు.

పని చేసి చూపించాలంటే పిల్లాడు కావాలి. నిజం పిల్లాణ్ణి తెచ్చి కూర్చోబెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. చైర్మన్ గారు గదంతా కలయజూసి నా దగ్గర ఆగారు.

"రాజేశం, నువ్వే కూర్చోవయ్యా. పొట్టిగా ఉన్నావు, సరిపోతావు."

మా అటెండరు యాదయ్య నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఆ మర్నాటి నుంచి నాకు టీ తెచ్చినప్పుడల్లా "చింటు బాబూ, బూస్టు తాగుతవా?" అనేవాడు.

నాకు మాత్రం ఆ వేషం నచ్చింది. నేను ఇంటర్‌తో ఆగిపోయి గుమాస్తాగా చేరినవాణ్ణి. తర్వాత చదివిందంతా అమీర్‌పేట దగ్గరి శాఖా గ్రంథాలయంలోనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే ఉంది. సాయంత్రాలు ఆఫీసు నుంచి నడిచి వెళ్లి, ఇంగ్లిషు నిఘంటువు పక్కన పెట్టుకుని మనస్తత్వ శాస్త్రం చదివాను. బడి అంటే భయం, నత్తి, పక్క తడపడం, ఏమీ లేకుండానే వచ్చే కడుపునొప్పి, ఒక్కొక్కటీ చదివి చింటుకు తొడిగేవాణ్ణి. కమిటీలో డాక్టరు గారొకరు ఉండేవారు. ఫోన్‌లోంచి తల ఎత్తడం అరుదు. ఎత్తితే ఒక్కటే మాట.

"రాజేశం మళ్ల లైబ్రరీకి పోయిండు. చింటుకు కొత్త బీమారి వచ్చింది."

ప్రసాద్ గారి పావుగంట

అవతల చదివినవాళ్లతో మాకున్న తిప్పలు సబ్జెక్టుల పేర్లతోనే మొదలయ్యేవి. ఒకచోట ప్రాక్టికల్ అన్నది ఇంకోచోట ఫీల్డ్‌వర్క్, ఇంకొకచోట దానికి పేరే ఉండదు. రాష్ట్రం విడిపోయాక విశాఖలో, తిరుపతిలో చదివినవాళ్లు కూడా మా బల్ల మీదికే వచ్చారు. నిన్నటిదాకా మనవాళ్లు, ఇవాళ బయటివాళ్లు. అదంతా ఓపికతో తేలే పని.

అసలు చిక్కు ఆ గదిలో ఉంది. దానికి ఉదాహరణ ప్రసాద్ గారు. చెన్నైలో చదివారు, కుటుంబం ఏలూరు వైపుది. చక్కటి కంఠం. చింటు కడుపునొప్పి అనగానే లేచి నిలబడ్డారు. అమ్మ పొద్దున్నే లేచి డబ్బా కట్టిస్తుందని, నాన్న ఎండలో తిరుగుతాడని, నువ్వు బడి మానేస్తే వాళ్ల గుండె పగులుతుందని పావుగంట చెప్పారు. చివర్లో నా భుజం మీద చేయి వేసి "ఏం చింటూ, రేపటి నుంచి?" అన్నారు. అలా అడిగితే నేను "బాగా చదువుతాను సార్" అనాలి. అది మాలో మాకు ఏర్పడిపోయిన పద్ధతి. ఆ మాట వస్తే కౌన్సెలింగ్ ఫలించినట్టు. అన్నాను. చైర్మన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అద్భుతమయ్యా. ఇలాంటివాడు మా స్కూల్లో ఒక్కడుంటేనా!"

నేను చదివిన పుస్తకాల్లో ఏ ఒక్కటీ దీన్ని కౌన్సెలింగ్ అనలేదు. ఎవరితో చెప్పను? పైగా పుస్తకంలో ఉన్నది నిజమా, కళ్లు తుడుచుకున్న పెద్దమనిషి నిజమా అన్న అనుమానం నాకూ ఉండేది.

నారాయణపేట అమ్మాయి

రేణుక మా ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు ఇంటర్వ్యూ తొందరగా పెట్టమని అడిగింది. ఊరు నారాయణపేట. సరిహద్దు ఊరు కాబట్టి అవతలికి పోవడం అక్కడివాళ్లకు అలవాటే; మైసూరులో రెండేళ్ల కోర్సు చేసింది. యూసుఫ్‌గూడలో ఒక ప్రైవేటు బడిలో తాత్కాలిక అనుమతి మీద పనిచేస్తోంది. ఆ అనుమతి వేసవి సెలవులతో అయిపోతుంది.

"నేను గీడ పుట్టినదాన్నే సార్. గా రెండేండ్లకే పక్క రాష్ట్రందాన్ని అయిపోయిన్నా?" అని నవ్వింది.

"రూల్ అట్లుందమ్మా. అందరికీ వరస ప్రకారమే."

ఆమె నవ్వు ఆపింది.

"నా కోసం కాదు సార్. ఎనిమిదో క్లాసుల ఒక పోరి ఉన్నది. తల్లి పోయినంక మాట్లాడుడు బంద్ చేసింది. ఇంట్ల సుత మాట్లాడది. రోజూ ఇంటర్వెల్‌ల నా రూంకొచ్చి కూసుంటది. నేనూ కూసుంట. ఆర్నెల్లకు, మొన్న, ఒక్క మాట అన్నది."

"ఏమన్నది?"

"గది చెప్పనీకి లేదు సార్. గామె నాకు చెప్పింది గద." తర్వాత నెమ్మదిగా అంది: "ఇప్పుడు నేను పోతే, మల్ల జిందగీల నోరు తెరువది."

నేను ఆమె పేరును వరసలో ముందుకు జరపగలిగినంత జరిపాను. అనుమతి అయిపోవడానికి కొద్దిగా ముందు తేదీ దొరికింది.

ఆ గదిలో

ఆ రోజు చింటుకు లెక్కల పీరియడ్ భయం పెట్టుకున్నాను. తల్లి గురించి చెబితే ఈ జవాబు, చదువు గురించి చెబితే ఆ జవాబు, అన్నీ సిద్ధం.

రేణుక తన కుర్చీని నాకు ఎదురు నుంచి జరిపి కాస్త పక్కగా వేసుకుంది. పేరడిగింది. చెప్పాను. కడుపునొప్పి అన్నాను. "ఊఁ" అంది. అంతే. ఇక ఏమీ అనలేదు.

నా దగ్గరున్న జవాబులన్నీ ఎవరైనా ఏదైనా చెబితే పనికొచ్చేవే. ఎవరూ ఏమీ చెప్పకపోతే వాటితో ఏం చేయాలి? ఫ్యాన్ తిరుగుతోంది. కింద బస్సుల హారన్లు. చైర్మన్ గారు దగ్గారు. ఆమె కదల్లేదు. నా వైపు గుచ్చి చూడలేదు, వేరే దిక్కూ చూడలేదు. తొందరేం లేదన్నట్టు కూర్చుంది.

కాసేపటికి అడిగింది: "పొద్దుగాల లేస్తనే ఏం వినిపిస్తది?"

"మా నాయిన సైకిల్ గంట" అన్నాను.

ఆ మాట నేను తయారు చేసుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఆగలేదు.

"నాయినకు సనత్‌నగర్‌ల ఫ్యాక్టరీల పని. గది పోయింది. పోయిందని మాకు చెప్పలే. రోజూ టిఫిన్ డబ్బా పెట్టుకొని, గంట కొట్టుకుంట పోతుండె. ఒకనాడు నేను బడి ఎగ్గొట్టి బేగంపేట స్టేషన్‌కు పోయిన. బెంచీ మీద కూసున్నడు. డబ్బా పక్కన పెట్టుకొని. నేను చూసిన. ఆయన సుత చూసిండు."

"ఊఁ."

"సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చినం. ఎవ్వరం ఏం అనలే. మల్ల పొద్దుగాల గంట కొట్టిండు. అప్పటి సంది నాకు..."

"ఏంటయ్యా రాజేశం!" చైర్మన్ గారి గొంతు. "ఈ సైకిలేంటి, స్టేషనేంటి? మనం అనుకున్నది లెక్కల భయం కదా!"

డాక్టరు గారు ఫోన్ దించారు. "కొత్త బుక్ చదివిండు సార్. జర పెద్దదున్నట్టుంది."

ఇద్దరూ నవ్వారు. తలుపు దగ్గర యాదయ్య మాత్రం నవ్వలేదు. రేణుక బల్ల వైపు తిరిగి, "సార్, జర ఆగుండ్రి. ఆయన ఇంక చెప్తుండు" అంది.

"అమ్మా, ఇది పరీక్ష" అన్నారు చైర్మన్ గారు, కోపంగా కాదు, జాలిగా. "చెప్పాల్సింది నువ్వు. పిల్లాడు కాదు."

స్టూడెంటు మార్కులు వేస్తాడా

ఆమె బయటికి వెళ్లాక చైర్మన్ గారు చెబుతుంటే నేను టైపు చేశాను. అభ్యర్థి విద్యార్థికి ఎలాంటి మార్గదర్శనమూ చేయలేదు. విద్యార్థి విషయం వదిలి పక్కదారి పడుతున్నా అదుపు చేయలేదు. విషయ పరిజ్ఞానం లేక మౌనం వహించినట్టు కనిపిస్తోంది. మళ్లీ రావచ్చు, మరుసటి ఏడాది.

టైపు ఆపాను. "సార్, ఒక మాట. గా సైకిల్ సంగతి నేను నా భార్యకు సుత చెప్పలే. గీ గదిల ఇన్నేండ్ల సంది కూసుంటున్న. ఎవ్వరి ముందు రాలే. ఆ అమ్మాయి ముందు వచ్చింది. ఆమె ఏం చేయలేదంటే ఎట్ల సార్?"

చైర్మన్ గారు నా వైపు తిరిగారు. ఆయన ముఖంలో వెటకారం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నీ బాధ నాకర్థమైందయ్యా. అయితే నువ్వక్కడ స్టూడెంటువి. స్టూడెంటు మార్కులు వేస్తాడా?"

డాక్టరు గారిని చూశాను. ఆయన వైద్యం చదివినవాడు, ఆయనకైనా తెలియాలి. "నిజమే కావొచ్చు రాజేశం" అన్నారు తల గోక్కుంటూ. "కాని రేపు ఎవరన్నా ఆర్టీఐ వేస్తే ఏం చూపిస్తం? ఈమె 'ఊఁ' అన్నదని రాస్తమా?"

కొత్తగా చేరేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ గదిలో దుర్మార్గుడు లేడు. లంచం లేదు, పక్షపాతం లేదు. దుర్మార్గుడుంటే మార్చవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. ఏది చూడాలో తెలియని మంచివాళ్లు కూర్చుని, కంటికి కనిపించినదానికి మార్కులు వేస్తే చేయగలిగింది ఏమీ లేదు. మాట కనిపిస్తుంది. వినడం కనిపించదు. ప్రదర్శనలో విద్యార్థి మాట్లాడిన సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని పైవారికి రెండుసార్లు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి, అభ్యర్థిని వదిలి ఆఫీసు సిబ్బందికి మార్కులు వేయడం కుదరదని వచ్చింది.

సెలవుల తర్వాత యూసుఫ్‌గూడ బడివాళ్లు రేణుక స్థానంలో ప్రసాద్ గారిని పెట్టుకున్నారు. ఆయనకు లైసెన్సు ఉంది మరి.

మైత్రీవనం దగ్గర

ఆ చలికాలంలో ఒక సాయంత్రం లైబ్రరీకి వెళ్తూ మైత్రీవనం దగ్గర ఆగాను. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతిలో పెట్టేవాళ్ల మధ్యలోంచి ఎవరో "సార్!" అని పిలిచారు. రేణుక. మెడలో ఏదో ఇన్‌స్టిట్యూట్ కార్డు. కోర్సుల్లో చేరమని ఫోన్లు చేసే ఉద్యోగమట.

"రోజంత మాట్లాడుడే సార్. జర ఆగిన్నంటే మేనేజర్ తిడ్తుండు." గొంతు బొంగురుపోయి ఉంది.

టీ తాగుతూ ఆ పిల్ల సంగతి అడిగాను. తాను ఒకసారి బడి వదిలే వేళకు గేటు దగ్గరికి వెళ్తే, వాచ్‌మన్ ఇక రావద్దన్నాడట. ప్రసాద్ గారు ఆ పిల్లను మాట్లాడిస్తున్నారట, ప్రార్థన సమయంలో అందరి ముందూ మైకు ఇచ్చి.

"మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందంట." గ్లాసు కింద పెట్టింది. "నేను మల్ల కమిటీకి రావాలె సార్. ఎట్లనైనా లైసెన్స్ కావాలె. ఏం చేయాలె చెప్పుండ్రి."

చెప్పాను. లైబ్రరీ బయట మెట్ల మీద కూర్చుని నాలుగైదు సాయంత్రాలు నేర్పాను. నిలబడాలి. అమ్మ డబ్బా గురించి ఒకటి, నాన్న చెమట గురించి ఒకటి, గొప్పవాళ్ల చిన్నతనం గురించి ఒకటి. భుజం మీద చేయి. చివర్లో "రేపటి నుంచి?" ఆమె తెలివైనది. రెండో సాయంత్రానికే అంతా నోటికి వచ్చేసింది. మూడో రోజు నా కంటే బాగా చెప్పింది. ఆ మెట్ల మీద అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి విన్నారు కూడా. నేను నేర్పినందుకు విచారించడం లేదు. ఇంకో దారి ఉంటే అది నాకు కనిపించలేదు. ఇప్పటికీ కనిపించడం లేదు.

రెండోసారి

నేను రిటైరయ్యే ముందు జరిగిన ఆఖరి ప్రదర్శనల్లో అదొకటి. రేణుక నిలబడే మొదలుపెట్టింది. నా ముఖం వైపు చూడలేదు. నా తల మీదుగా బల్ల వైపు చూస్తూ, అమ్మ డబ్బా దగ్గర గొంతు తగ్గించి, గొప్పవాళ్ల దగ్గర పెంచి, ఎక్కడా తడబడకుండా చెప్పింది. నేను నా మాటలు సమయానికి అందించాను. "బాగా చదువుతాను మేడమ్" అన్నాను.

చైర్మన్ గారు లేచి నిలబడి మరీ మెచ్చుకున్నారు. "చూశావా అమ్మా, ఏడాదిలో ఎంత మార్పు! పోయినసారి నిన్ను ఆపడమే నీకు మేలయింది."

"అవును సార్" అంది రేణుక. "థ్యాంక్యూ సార్."

లైసెన్సు మీద స్టాంపు నేనే వేశాను. ప్రసాద్ గారు అప్పటికి ఎక్కువ జీతానికి ఒక పెద్ద కాలేజీకి వెళ్లిపోయారు. పాత బడివాళ్లు ఆమెను మళ్లీ తీసుకున్నారు. వీడ్కోలు సభలో యాదయ్య నాకు బూస్టు సీసా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత

ఈ పనిలో చేరేవారికి సలహా ఇవ్వమంటే నా దగ్గర లేదు. పుస్తకాలు చదవండి, దానివల్ల జరిగేది మీకు కనీసం అర్థమవుతుంది. ఆపగలమని మాత్రం అనుకోకండి. నేను ఆ మూడో అంతస్తులో ఎంతమందికి స్టాంపు వేశానో, వాళ్లలో ఎవరి ముందు ఏ పిల్లలు నోరు మూసుకున్నారో నాకు తెలియదు. ఒక్కరి సంగతి తెలుసు. అది కూడా రేణుక ఫోన్ చేసింది కాబట్టి.

బడిలో చేరిన వారం తర్వాత చేసింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి.

"కలిసిందా?" అన్నాను.

"ఫస్ట్ రోజే పిలిపించిన సార్. లోపలికొచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డది. 'గుడ్ మార్నింగ్ మేడమ్, నాకు ఏ ప్రాబ్లమ్ లేదు మేడమ్. మా అమ్మ పైనుంచి చూస్తుంది, నేను ఫస్ట్ ర్యాంక్ తెచ్చి ఆమెను సంతోషపెడ్తా మేడమ్' అన్నది. మొత్తం ఒకటే ఊపిరిల. కూసొమన్న. క్లాసుందని పోయింది."

"తర్వాత?"

"రోజూ ఇంటర్వెల్‌ల తలుపు తీసి పెడ్తున్న. వేరే పోరగాళ్లు వస్తుండ్రు. గామె వస్తలేదు. వరండల ఎదురైతే ఆగి నవ్వుతది సార్. మంచిగ, పండ్లన్ని కనిపించేటట్టు నవ్వుతది. హెడ్మిస్ట్రెస్ చూసి, చూడు ఎంత మంచిగైందో అంటది. సార్, పోయినేడు గా పోరి నా రూంల ఒక్క మాట లేకుంట కూసున్నప్పుడు సుత నాకు గింత భయం కాలే."